లంగరు సర్కిల్లో ఇంకో చుట్టు

నవంబరు 4, సోమవారం

ఇంటికొచ్చాను. నెల రోజులు నోరు విప్పకూడదట. గుసగుసగా కూడా వద్దట. గుసగుస మామూలు మాటకన్నా ఎక్కువ చేటట. గొంతులో లేచిన చిన్న కాయను తీసేశాం, ఆ చోటు మానేదాకా మౌనమే మందు అన్నాడు డాక్టరు. ఆ మాట వినగానే మా ఆయన ముఖంలో ఒక నవ్వు మెరిసి మాయమైంది. నేను చూశాను. ఆయన లేదంటారు. పలక మీద రాసి మరీ నిలదీశాను. అయినా లేదన్నారు.

నా సంగతి నాకు తెలుసు కానీ ఈ పుస్తకానికి తెలియదు కదా. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోతుంది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లను తిప్పే టూరు బస్సులో నేను గైడుని. ఆ బస్సుకు డ్రైవరు మా ఆయనే. పొద్దున్న గడియారస్తంభం దగ్గర మైకు అందుకుంటే, మ్యూజియం, చేపల రేవు, లైట్‌హౌసు, అక్వేరియం, కొండ మీద పార్కు, ఊరవతల గుహలు, అన్నీ అయి సాయంత్రం వెనక్కి వచ్చేదాకా నా నోటికి విశ్రాంతి లేదు. ఇంటికొచ్చాకా లేదు. ఇంట్లో నా పేరు రేడియో.

ఎన్ని చెప్పినా నా ప్రతాపమంతా ఒక్క చోటే. ఉప్పుటేరు పక్కనున్న చేపల రేవు దగ్గర, సముద్రం ఇంకా కనబడని చోట, పాత ఇనుప లంగరు నిలబెట్టిన సర్కిల్ ఉంది. అది దాటాక రోడ్డు గోదాముల మధ్య సన్నగా ఎత్తెక్కుతుంది. రెండు పక్కలా ఇటుక గోడలే, ఆకాశం కూడా సరిగ్గా కనబడదు. చివర ఒక్క మలుపు. ఆ మలుపులో సముద్రమంతా ఒక్కసారిగా కళ్ల ముందుకొస్తుంది. లైట్‌హౌసు మెట్లెక్కిన మేక కథ చెబుతూ వచ్చి, సరిగ్గా అక్కడ "అదిగో సముద్రం" అని ముగిస్తాను. రవ్వంత ముందూ కాదు, వెనకా కాదు. పదకొండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. గొప్ప చెప్పుకుంటున్నానని కాదు, నా నాలుకకు ఆ దారి కొలత తెలుసు.

నోరు తెరిచే రోజున మొదటి మాట ఏమై ఉండాలో ఇప్పట్నుంచే ఆలోచిస్తున్నాను. ఇన్నాళ్లు దాచుకున్న మాట దండగ కాకూడదు.

నవంబరు 5, మంగళవారం

నిద్రలో మాట్లాడానని అత్తయ్య అంటోంది. ఏమన్నానో చెప్పమని పలక మీద రాస్తే, కళ్లజోడు లేదు, కనబడటం లేదంది. కళ్లజోడు ఆవిడ నెత్తి మీదే ఉంది.

నవంబరు 8, శుక్రవారం

ఆయన ముఖం మాడ్చుకుని వచ్చారు. చెప్పులు గుమ్మంలో కాకుండా వంటగది దాకా వేసుకొచ్చారు, దాంతోనే ఏదో అయిందని తెలిసింది. కాసేపు నీళ్లు తాగి, కాసేపు కిటికీలోంచి చూసి, చివరికి బయటపెట్టారు.

నా సీటు పీకేశారట. డ్రైవరు పక్కన నేను కూర్చునే మడతకుర్చీ తీసేసి ఆ స్థానంలో ఒక పెట్టె బిగించారట. పెట్టెలోంచి వచ్చేదీ నా గొంతే. ఆపరేషనుకు ముందు మేనేజరు నన్ను ఆఫీసు సామాన్ల గదిలో కూర్చోబెట్టి, టూరు కబుర్లు మొదట్నుంచీ చివరిదాకా చెప్పించి రికార్డు చేసుకున్నాడు. ఈ నెలకే మేడం, మీరొచ్చేదాకా, అన్నాడు. ఇవాళ మాట మార్చాడు. డిసెంబరు సెలవుల జనం మొదలయ్యేలోగా నా గొంతు మునుపటిలా వస్తే అప్పుడు చూద్దామట. రాకపోతే పెట్టే ఖాయమట.

అంటే నా నోటితో నేనే నా కుర్చీ ఊడగొట్టుకున్నాను. నవ్వొచ్చింది. గట్టిగా నవ్వకూడదని గుర్తొచ్చి ఆపాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.

నవంబరు 11, సోమవారం

హాయిగా ఉంది. ఇన్నేళ్లలో ఇంత విశ్రాంతి ఎరగను. బస్సు గురించి అసలు ఆలోచించడమే లేదు. ఈపాటికి మ్యూజియం గేటు దగ్గర ఆపి ఉంటారు. నీడపట్టున ఆపారో లేదో. వెనక చక్రం దగ్గర కూర్చున్నవాళ్లకి కిటికీ బిగుసుకుపోతుంది, పైకి ఎత్తి లాగాలని పెట్టె చెబుతుందా?

నవంబరు 13, బుధవారం

అత్తయ్య మాట్లాడుతోంది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచీ ఆవిడ మితభాషి అనుకుంటున్నాను. తీరా చూస్తే ఇన్నాళ్లూ సందు దొరక్క ఊరుకుందట. ఆ మాట ఆవిడే అంది, ఏ మాత్రం మొహమాటం లేకుండా. బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన రోజుల కబుర్లు మొదలుపెట్టింది. జేబులో కప్పను పెట్టుకుని కొలతలివ్వడానికి వచ్చిన పిల్లాడి కథకు పొట్ట పట్టుకుని, చప్పుడు రాకుండా నవ్వలేక చచ్చాను.

మాటల్లో తెలిసిందేమిటంటే, కొడుకూ కోడలూ ఊరంతా తిప్పి చూపించే ఈ ఇంట్లో ఆవిడ ఊళ్లో ఒక్క వింతా చూడలేదు. మనూరేగా, ఎక్కడికి పోతుందిలే అనుకుందట. వెంటనే పలక మీద రాశాను, పదండి అని.

సిటీ బస్సెక్కి మ్యూజియానికి వెళ్లాం. తిమింగలం ఎముకల గూడు గురించి నేను రోజూ ఊదరగొడతాను కానీ, జనం లోపలికెళ్లగానే మేమిద్దరం బయట టీ తాగుతూ నిలబడతాం. లోపలికి వెళ్లి చూసిందే లేదు. ఇవాళ చూస్తే, తిమింగలం ఒకే గదిలో లేదు. తోక పట్టక గోడకు కంత కొట్టి పక్కగదిలోకి పోనిచ్చారు. పక్కగదిలో పాత నాణేల మధ్య తోక వేలాడుతోంది, దాని కింద కాపలా ఆయన స్టూలేసుకుని కునుకు తీస్తున్నాడు. అత్తయ్య రెండు గదులూ తిరిగి చూసి, "కొలత తీసుకోకుండా కుట్టారమ్మాయ్" అంది.

ఇన్నాళ్లూ ఈ తోక సంగతి నాకు తెలియకపోవడం ఏమిటసలు!

నవంబరు 18, సోమవారం

ఆయన మీద ఫిర్యాదు వచ్చింది. ఆదివారం లంగరు సర్కిల్ చుట్టూ బస్సును గిరగిరా తిప్పారని, కళ్లు తిరిగాయని ఎవరో ప్రయాణికుడు రాసిచ్చాడట. మేనేజరు పిలిచి, దారి మరిచిపోయారా అని అడిగాడట. ఈయన ఏమీ చెప్పలేదట. ఈయన ఎవరికి ఏం చెప్పారు కనక.

నేను వదిలేదాన్నా? పలక ఆయన ముక్కు దగ్గర పెట్టాను. కూర్చుని నెమ్మదిగా చెప్పుకొచ్చారు. సామాన్ల గదిలో గోడకేసి చూస్తూ చెప్పాను కదా, లైట్‌హౌసు మేక కథను సాగదీశానట. రోడ్డు ఖాళీగా ఉన్న రోజున బస్సు లంగరు దగ్గరికొచ్చేసరికి మేక ఇంకా సగం మెట్ల మీదే ఉంటోందట. సర్కిల్ దాటితే గోదాముల సందులో ఆపడానికి వీల్లేదు, వెనక లారీలు హారన్లు కొడతాయి. అలాగే పోనిస్తే సముద్రం ముందే వచ్చేస్తుంది, నా "అదిగో సముద్రం" ఏ తారు డ్రమ్ముల దగ్గరో వినబడుతుంది. అందుకని మేక పైకి చేరేదాకా తిప్పారట.

నేనుంటే ఈ బాధ లేదు, నా నాలుకకు దారి కొలత తెలుసు అని రాశాను.

ఆయన చదివి నవ్వారు. "నీ మాట అయ్యేదాకా బ్రేకు మీద కాలు ఎవరిదనుకున్నావ్?" అన్నారు.

పలక తుడిచాను. ఆయనే చెప్పారు. నాకు జలుబు చేసి మాట ఆగితే కావాలని లారీ వెనకాల పోనిచ్చేవారట. నేను మురిసిపోయి మేకను ఇంకో నాలుగు మెట్లెక్కిస్తే గేరు తగ్గించేవారట. నేను తొందరపడితే ఆయనా తొందరపడేవారట.

కోపం వచ్చింది. పదకొండేళ్ల గొప్పలో సగం లాగేసుకున్నట్టయింది. భోజనం దగ్గర కూడా ఆయన వైపు చూడలేదు. కంచం కడుగుతుంటే తట్టింది. ఇంట్లో నేనేం చెప్పినా ఊఁ అని పేపరు తిరగేసే మనిషి, అక్కడ నా మాటను అక్షరం పొల్లుపోకుండా వింటున్నారన్నమాట. రోజూ. ఇన్నేళ్లూ. కడిగిన కంచాన్నే మళ్లీ కడిగాను.

నవంబరు 20, బుధవారం

గొంతు రాకపోతే?

నవంబరు 21, గురువారం

నిన్న రాసింది చూసి నాకే సిగ్గేసింది. అత్తయ్యను లేవదీసి లైట్‌హౌసుకు పోయాను. రోజూ వెళ్లే చోటే కానీ బస్సు పైకి పోదు, మేం కింద రోడ్డు మీదే ఉండిపోతాం, జనమే ఎక్కి చూసొస్తారు.

మేక కథ నేను కల్పించినదే. ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఒప్పుకోను. దీపం చూసుకునే ఉద్యోగి పెంచుకున్న మేక ఒక రోజు మెట్లన్నీ ఎక్కేసి, పైనుంచి సముద్రం చూసి, ఇక దిగనని మొండికేసిందని చెబుతాను. మొదటి ఏడాది ఒక రోజు బస్సులో అందరూ నిద్రపోతుంటే, లేపడానికి నోటికొచ్చింది చెప్పాను. ఆ తర్వాత మేక నన్ను వదల్లేదు.

గుమ్మంలో గడ్డం నెరిసిన ఉద్యోగి ఉన్నాడు. అత్తయ్యకు ఇవేమీ తెలియవు. కొడుకు నోట కథ విన్నదేమో, వెళ్లీ వెళ్లగానే ఆ మేక ఏ మెట్టు మీద ఆగిందో చూపించు నాయనా అని అడిగింది. ఆయన తల పట్టుకున్నాడు.

"ఏ మహానుభావుడు పుట్టించాడో కానమ్మా, వచ్చినవాళ్లంతా మేకేది మేకేది అని మా ప్రాణం తీశారు. లేదంటే మోసం చేశామన్నట్టు చూస్తారు. చివరికి పడలేక మొన్ననే ఒకదాన్ని కొన్నాం" అన్నాడు.

నిజమే. తెల్ల మేక, ఒక చెవి నల్లది. మొదటి మలుపు మెట్ల మీద పడుకుని నెమరేస్తోంది. తోలితే దిగదట, ఎండ తగ్గాక దాని ఇష్టం వచ్చినప్పుడు దిగుతుందట. పలకను వీపు వెనక దాచుకుని నిలబడ్డాను. నా నోట్లోంచి పుట్టిన మేక, కొమ్ములతో సహా. దాని నుదురు నిమిరితే చెయ్యి నాకింది. ఇంటికి వచ్చేదాకా నా కాళ్లు నేల మీద లేవు.

నవంబరు 26, మంగళవారం

హాయిగా ఉంది. అక్వేరియంలో ఒక లావుపాటి చేప అచ్చం మేనేజరులా ఉంది. అద్దం దగ్గరకొచ్చి నోరు తెరిచి మూస్తుంది, ఏమీ తేల్చదు. అత్తయ్య దానికి దణ్ణం పెట్టి, మా కోడలి కుర్చీ మా కోడలికిచ్చెయ్యి బాబూ అంది. పక్కనున్నవాళ్లు మమ్మల్ని అదోలా చూశారు.

నవంబరు 29, శుక్రవారం

ఇంకో ఫిర్యాదు. ఆదివారం మేనేజరే స్వయంగా బస్సెక్కి చూస్తాడట. సర్కిల్లో ఒక్క చుట్టు ఎక్కువ తిప్పినా ఈ బస్సు వేరే డ్రైవరుకిచ్చి ఈయన్ను షెడ్డులో పడేస్తానన్నాడట.

తిప్పకండి, నా మాట ఎక్కడ తెగితే అక్కడ తెగనివ్వండి అని రాశాను. పెద్ద అక్షరాలతో రాశాను. ఆయన చదివారు. ఊఁ అన్నారు.

ఆ ఊఁ నాకు తెలుసు. ఆదివారం నేనూ అత్తయ్యా టిక్కెట్లు కొనుక్కుని ఎక్కుతున్నాం.

డిసెంబరు 1, ఆదివారం

ఇవాళ్టిది వరసగా రాస్తాను.

మేనేజరు ముందు సీట్లో, నేనూ అత్తయ్యా అతని వెనకాల. పెట్టె వాగుతోంది. నా గొంతే, కానీ ఎవరో పొరుగావిడ మా ఇంటి సంగతులు చెబుతున్నట్టుంది. మ్యూజియం దాకా అంతా సవ్యంగా సాగింది. ఆదివారం కదా, రోడ్డు మీద పురుగు లేదు. లంగరు దగ్గరికి వచ్చేసరికి మేక అప్పుడే మెట్లెక్కడం మొదలెట్టింది, అంతే.

ఆయన సర్కిల్లో ఒక చుట్టు తిప్పారు. మేనేజరు దగ్గాడు. రెండో చుట్టు తిప్పారు. జనం నవ్వడం మొదలుపెట్టారు. లంగరు మళ్లీ వచ్చిందంటూ ఎవరో చప్పట్లు కొట్టారు. మేనేజరు లేచి నిలబడబోయి, మలుపు విసురుకు మళ్లీ సీట్లో పడ్డాడు.

"డ్రైవరు గారూ, ఇంకో చుట్టు తిరిగిందంటే రేపట్నుంచి మీరు షెడ్డులోనే" అన్నాడు.

ఆయన వినలేదు. వింటున్నది పెట్టెను. అద్దంలో ఆయన ముఖం కనబడుతోంది. రోజూ ఇంట్లో పేపరు వెనక ఉండే ముఖమే. మూడో చుట్టుకు స్టీరింగు తిప్పేశారు. ఈ మనిషి డీజిలు అయిపోయేదాకా తిప్పుతారు కానీ నా మాట మధ్యలో తెగనివ్వరని అప్పుడర్థమైంది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కాదని లేచి నిలబడ్డాను.

"ఇక చాలు, పోనివ్వండి. మిగతాది నేను చెబుతా."

నెల్లాళ్లు దాచుకున్న మొదటి మాట అదీ. తుప్పుపట్టిన గేటు తెరిచినట్టు వచ్చింది. నాది కాదు ఆ గొంతు. కానీ నా నోట్లోంచే వచ్చింది. అత్తయ్య చెయ్యి పట్టి లాగుతోంది, ఒక్క రోజు ఆగలేకపోయావా అంటోంది. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది రేపే మరి.

ఆయన వెనక్కి తిరగలేదు. చెయ్యి చాచి పెట్టె నొక్కేశారు. మేక మెట్ల మధ్యలో ఆగిపోయింది. బస్సు గోదాముల సందులోకి తిరిగింది.

అందరూ నన్నే చూస్తున్నారు. మిగతా కథ చెబుదామని నోరు తెరిచాను. ఉత్త గాలి వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాను. అదీ గాలే. ఇటుక గోడలు జరిగిపోతున్నాయి. బస్సు నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది. బ్రేకు మీద ఆయన కాలు నాకు కనబడుతోంది, నా మాట కోసం చూస్తోంది. మాట లేదు. మలుపు వచ్చేసింది. ఏం చెయ్యను? చెయ్యెత్తి చూపించాను.

"అబ్బ" అంది బస్సంతా.

ఒక్క గొంతుతో అన్నారు. పదకొండేళ్లలో ఆ అబ్బను నేనెప్పుడూ వినలేదు. ఎలా వింటాను, సరిగ్గా ఆ క్షణానే మైకులో అదిగో సముద్రం అని అరుస్తుంటాను కదా. కిటికీల్లోంచి గాలి లోపలికి వస్తుంటే అందరూ అటే చూస్తూ కూర్చున్నారు. మేనేజరు మెడ కూడా అటే ఉంది. అత్తయ్య కళ్లు తుడుచుకుని, "ఇంత దగ్గర్లో పెట్టుకుని ఇలా ఎప్పుడూ చూడలేదమ్మాయ్" అంది.

బస్సు ఆగాక వెనకసీట్లోంచి ఒకావిడ అడిగింది, మరి మేక ఏమైంది అని. మిగిలిన గొంతంతా కూడదీసుకున్నాను.

"ఇంకా పైనే ఉంది. పదండి, చూద్దాం."

జనం నమ్మలేదు. నవ్వుతూనే ఎక్కారు. మొదటి మలుపులో మేకను చూసి అందరూ ఒక్కసారే మాట్లాడారు. మేనేజరు మేకతో ఫోటో దిగాడు. గడ్డం ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఓహో, మీరేనన్నమాట" అన్నాడు.

కిందికి దిగి వచ్చాక ఆయన పక్కన నిలబడ్డాను. టీ తెచ్చి ఉంచారు. ఇద్దరం తాగాం. ఆయనా ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. నా అంతట నేను అనకపోవడం మా ఇంట్లో ఇదే మొదటిసారి.

డిసెంబరు 2, సోమవారం

డాక్టరు చడామడా తిట్టాడు. గొంతులో చూసి తిట్లు ఆపాడు. మానిందట. కానీ మునుపటి గొంతు రాదట, కాస్త బొంగురుగానే ఉండిపోతుందట. రోజంతా మైకు పట్టుకోవడం కుదరదు, కొంచెం చెప్పి కొంచెం ఆగాలన్నాడు. అచ్చం మీ మామగారి గొంతే అని అత్తయ్య ముచ్చటపడిపోయింది. మామగారు నేను రాకముందే పోయారు. ఎలా ఉండేదో ఇప్పుడు అద్దం ముందు నిలబడి వింటున్నాను.

డిసెంబరు 6, శుక్రవారం

మేనేజరు పిలిపించాడు. వెళ్లాను. ఆదివారం జనం దిగేటప్పుడు ఫిర్యాదు మాట ఎత్తలేదట, మేకావిడ మళ్లీ ఎప్పుడొస్తారని అడిగారట. మేకావిడ అంటే నేనే.

పెట్టె తియ్యడట. మ్యూజియం, పార్కు, గుహలకు అదే చెబుతుంది. చేపల రేవు నుంచి లైట్‌హౌసు దాకా మాత్రం నేను చెప్పాలి. మడతకుర్చీ మళ్లీ బిగిస్తారు. బస్సు ఆయనదే. ఒక్కటి నేనూ అడిగాను, మలుపులో నేనేమీ చెప్పనని. జీతం ఇచ్చేది ఏమీ చెప్పకుండా ఉండటానికా అన్నాడు. అవునన్నాను. ఆ రోజు తన మెడ ఎటు తిరిగిందో గుర్తొచ్చిందేమో, సరేనన్నాడు.

బయటికొచ్చి గేటు దగ్గర వాచ్‌మన్‌కీ, టీ కొట్టాయనకీ, రోడ్డు దాటుతున్న ఎవరో పెద్దాయనకీ చెప్పాను. ఆయన ఎవరో నాకు తెలియదు.

డిసెంబరు 15, ఆదివారం

మొదటి రోజు. బస్సు నిండా జనం, సెలవులు కదా. అత్తయ్య కూడా ఎక్కింది. టిక్కెట్టు కొననంది, కొన్నాం.

బొంగురు గొంతుకు మేక కథ ఇంకా బాగా నప్పింది. పాత రహస్యం చెబుతున్నట్టుందని ముందు సీట్లోవాళ్లు ముందుకు వంగి విన్నారు. రోడ్డు ఖాళీ. లంగరు కనబడింది. కథ అప్పటికే అయిపోవచ్చింది, ఇంక ఒక్క ముక్క మిగిలింది. ఆ ఒక్క ముక్క చెప్పేస్తే సరిపోయేది.

చెప్పలేదు. మైకు పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆయన అద్దంలో నా వైపు చూశారు. నేను కిటికీలోంచి లంగరు వైపు చూశాను.

స్టీరింగు తిప్పి ఇంకో చుట్టు తిరిగారు.